బ్లేడ్ రన్నర్ రీమాస్టర్ కొనాలా? ముందు మీ ఫోన్‌లో ఉన్న ఫైల్ ఓపెన్ చేసి చూడండి

శనివారం రాత్రి పదకొండింటికి మా సీనియర్ దగ్గర్నుంచి ఒక స్క్రీన్‌షాట్ వచ్చింది. ఒక డిస్క్ ఫోటో, దాని ధర, దాని కింద షిప్పింగ్, ఇంకా కింద కస్టమ్స్ అంచనా. అన్నీ కూడితే ఆయన ఫోన్ ఈఎంఐ మూడు నెలలది అవుతోంది. ఫోటోతో పాటు ఒకటే లైన్: "తమ్ముడూ, కొనెయ్యనా?"

ఆ డిస్క్ బ్లేడ్ రన్నర్ సినిమా సంగీతం. వాంగెలిస్ చేసింది. 1994లో వచ్చిన ఆల్బమ్‌ని 2013లో ఆడియో ఫిడెలిటీ అనే అమెరికన్ లేబుల్ రీమాస్టర్ చేసి హైబ్రిడ్ ఎస్ఏసీడీగా వేసింది. ఇప్పుడు సెకండ్‌హ్యాండ్‌లో వెతుక్కోవాల్సిందే, అమ్మేవాడు ఎంత చెప్తే అంత. మా అన్న దగ్గర 1994 సీడీ ఆల్రెడీ ఉంది. ఫోన్‌లో ఫ్లాక్ ఫైల్స్ కూడా ఉన్నాయి. అయినా యూట్యూబ్‌లో ఎవరో పెట్టిన రీమాస్టర్ క్లిప్ విన్నాక నిద్ర పట్టలేదంట. "నా ఫైల్స్‌లో అంతా మూసుకుపోయినట్టు ఉంది రా, అందులో గాలి ఆడుతోంది" అన్నాడు.

మన సైట్‌లో మామూలుగా ఫోన్లు, ఇయర్‌బడ్స్ రివ్యూ చేస్తాం కాబట్టి ఇది కొంచెం పక్కదారి అనిపించొచ్చు. కానీ స్పెక్ షీట్ చూసి ఆర్డర్ నొక్కేసే జబ్బు ఇక్కడా అదే. అందుకే "ఒక్క వారం ఆగు అన్నా" అని చెప్పి, ఆ వారం ఏం చేశామో ఇక్కడ రాస్తున్నా.

పేరు 1982లో పడింది, రికార్డు 1994లో వచ్చింది

ముందు కొంచెం కథ చెప్పాలి. ఎందుకంటే ఈ స్కోర్ విషయంలో కలెక్టర్ల పిచ్చికి ఒక కారణం ఉంది.

రిడ్లీ స్కాట్ తీసిన బ్లేడ్ రన్నర్ 1982 జూన్‌లో అమెరికాలో రిలీజయ్యింది. కథ జరిగేది 2019 లాస్ ఏంజెలిస్‌లో. (అవును, మనం దాటేశాం. ఎగిరే కార్లు రాలేదు గానీ, వానలో ట్రాఫిక్ మాత్రం కరెక్ట్‌గా ఊహించారు.) వాంగెలిస్ అప్పుడే చారియట్స్ ఆఫ్ ఫైర్‌కి ఆస్కార్ తీసుకుని ఉన్నాడు. లండన్‌లో తన సొంత నెమో స్టూడియోలో కూర్చుని, సినిమా వీడియో చూస్తూ, వాయిస్తూ రికార్డ్ చేసుకుంటూ పోయాడు. నోట్స్ రాసి ఆర్కెస్ట్రాకి ఇచ్చే పద్ధతి ఆయనది కాదు.

సినిమా చివర్లో టైటిల్స్‌లో, సౌండ్‌ట్రాక్ ఆల్బమ్ పాలిడార్ రికార్డ్స్‌లో దొరుకుతుందని వేశారు. అది రాలేదు. దాని బదులు అదే ఏడాది న్యూ అమెరికన్ ఆర్కెస్ట్రా అనే పేరుతో, అవే ట్యూన్లని వేరేవాళ్ళు ఆర్కెస్ట్రాతో వాయించిన ఎల్పీ వచ్చింది. సింథసైజర్ కోసం షాపుకి వెళ్ళినవాడికి వయొలిన్లు చేతికిచ్చినట్టు. 1989లో వాంగెలిస్ థీమ్స్ అనే కలెక్షన్‌లో కొన్ని ట్రాకులు పెట్టాడు. 1993లో ఒక దొంగ సీడీ బయటికొచ్చింది, పైన ఆఫ్ వరల్డ్ మ్యూజిక్ అని లేబుల్. 1994లో ఎట్టకేలకు అసలు ఆల్బమ్ వచ్చింది. అంటే సినిమా వచ్చిన పన్నెండేళ్ళకి.

ఈ పన్నెండేళ్ళ ఆకలి మనవాళ్ళకి బాగా అర్థమవుతుంది. మన సినిమాల్లో పాటలు రిలీజ్ చేస్తారు, బీజీఎం కోసం మాత్రం ఏళ్ళ తరబడి ఎదురుచూపులే. ఇంటర్వెల్ బ్యాంగ్‌కి వచ్చే బిట్ కావాలంటే డీవీడీలోంచి కోసుకుని, మధ్యలో హీరో డైలాగ్‌తో సహా రింగ్‌టోన్ పెట్టుకున్న తరం మాది. అక్కడి ఫ్యాన్స్ కూడా అలాంటి పనే చేశారు, కాకపోతే ఇంకా శ్రద్ధగా. ఎస్పర్ ఎడిషన్ అని రెండు సీడీల అనధికార సెట్ ఒకటి కలెక్టర్ల మధ్య తిరిగింది. అది డౌన్‌లోడ్ చేసుకోమని నేను చెప్పను. కానీ అది ఎందుకు పుట్టిందో తెలియకపోతే ఈ రీమాస్టర్ గొడవ అర్థం కాదు.

రీమాస్టర్ అంటే మీ ఫోటో యాప్‌లో స్లైడర్లే

రీమాస్టర్ అన్న మాట కవర్ మీద కనపడగానే, ఎవరో స్టూడియోలోకి వెళ్ళి ఒక్కో వాయిద్యాన్నీ తుడిచి పెట్టారని మనం అనుకుంటాం. అలా కాదు. వాంగెలిస్ రికార్డ్ చేసిన మల్టీట్రాక్ టేపుల్లో సింథ్ ఒకచోట, డ్రమ్ ఒకచోట, శాక్సఫోన్ ఒకచోట విడివిడిగా ఉంటాయి. వాటిని కలిపి రెండు చానెళ్ళ స్టీరియో చేయడం మిక్సింగ్. అలా కలిపేసిన స్టీరియోకి చివర్లో లెవెల్స్, బేస్, ట్రెబుల్ సరిచేసి సీడీకో ఎల్పీకో సిద్ధం చేయడం మాస్టరింగ్. రీమాస్టర్ అంటే ఆ చివరి మెట్టుని మళ్ళీ ఎక్కడం మాత్రమే.

మన భాషలో చెప్పాలంటే, రీమిక్స్ చేసేవాడి చేతిలో రా ఫైల్ ఉంటుంది. రీమాస్టర్ చేసేవాడి చేతిలో ఆల్రెడీ ఎడిట్ అయిన ఫోటో ఉంటుంది. ఎక్స్‌పోజర్ పెంచొచ్చు, నీడలు లేపొచ్చు, రంగు సరిచేయొచ్చు. వెనకాల నిలబడ్డ మనిషిని పక్కకి జరపలేడు.

ఈ ఆల్బమ్‌లో ఆ వెనకాల మనిషి ఎవరంటే, డైలాగులు. 1994 ఆల్బమ్‌లో మొదటి ట్రాక్ మెయిన్ టైటిల్స్ మీద, హారిసన్ ఫోర్డ్ ఆ ఫోటో మెషీన్‌కి జూమ్ చెయ్యమని చెప్పే మాటలు ఉంటాయి. బ్లష్ రెస్పాన్స్ మొదట్లో డైలాగ్. వెయిట్ ఫర్ మీ లో కూడా డైలాగ్. చివరి ట్రాక్ టియర్స్ ఇన్ రెయిన్‌లో రట్గర్ హావర్ చివరి మాటలు. అవి పూర్తయిన స్టీరియోలో కలిసిపోయి ఉన్నాయి. 2013లో రీమాస్టర్ చేసినా, 2043లో చేసినా ఆ టేప్ నుంచే చేస్తే ఆ మాటలు అక్కడే ఉంటాయి. నాకు చివరిది తప్ప మిగతావన్నీ అడ్డమే. మా అన్నకి మాత్రం అవి లేకపోతే ఆల్బమే కాదంట. "ఆ మాటలు వింటే నాకు సినిమా కళ్ళముందు ఆడుతుంది రా" అంటాడు. సరే, అది ఎవరిష్టం వాళ్ళది. కానీ డైలాగులు లేని సంగీతం దొరుకుతుందన్న ఆశతో ఎవరైనా రీమాస్టర్ కొంటుంటే మాత్రం ఆగండి.

మరి రీమాస్టర్‌లో నిజంగా బాగుపడగలిగేది ఏంటి? ఈ స్కోర్‌కి సంబంధించి ఒక మంచి ఉదాహరణ ఉంది. వాంగెలిస్ ఎక్కువగా వాడింది యమహా సీఎస్-80. దాదాపు వంద కిలోల బరువుండే అనలాగ్ సింథసైజర్, ఒకేసారి ఎనిమిది స్వరాలు పలికేది. దాని గొప్పతనం ఏంటంటే, ఒక్కో కీని నొక్కి పట్టుకున్నాక ఎంత ఒత్తిడి పెడితే ఆ ఒక్క స్వరమే అంతగా ఉబ్బుతుంది. నాలుగు వేళ్ళతో నాలుగు రకాల ఒత్తిడి పెట్టొచ్చు. మెయిన్ టైటిల్స్‌లో ఆ ట్రంపెట్ లాంటి శబ్దం ఊపిరి పీలుస్తున్నట్టు ఉంటుందే, అది అందుకే. దాన్ని లెక్సికాన్ 224 అనే డిజిటల్ రివర్బ్‌లోకి పంపేవాడు. స్వరం ఆగిపోయాక కూడా చాలాసేపు పొగలా కరుగుతూ పోయే ఆ తోక ఉంటుందే, ఈ సౌండ్‌ట్రాక్ అందమంతా అందులోనే ఉంది.

ఆ తోక కరిగి కరిగి చివరికి టేప్ హిస్‌లో కలుస్తుంది. టేప్ అన్నాక సన్నగా 'స్‌స్‌' అని ఉంటుంది. ఇక్కడ మాస్టరింగ్ ఇంజినీర్‌కి పరీక్ష. హిస్ పోవాలని నాయిస్ రిడక్షన్ గట్టిగా పెడితే దాంతో పాటు తోక కూడా పోతుంది. రాత్రిపూట తీసిన ఫోటోలో ఫోన్ నాయిస్ తుడిచేస్తూ మొహం మీది చర్మాన్ని కూడా మైనంలా చేసేస్తుంది చూశారా, అచ్చం అది. అలాగే మొత్తం గట్టిగా వినపడాలని కంప్రెస్ చేస్తే, సినిమా మొదట్లో ఆ పెద్ద డ్రమ్ దెబ్బకీ దాని ముందున్న నిశ్శబ్దానికీ మధ్య తేడా తగ్గిపోతుంది. ఆ తేడా కోసమే కదా వినేది. కాబట్టి రీమాస్టర్ అన్న లేబుల్ ఒక్కటే చూసి ఏమీ చెప్పలేం. సెల్ఫీకి బ్యూటీ మోడ్ పెట్టినట్టు చేసినవి ఉన్నాయి, నిజంగా అద్దం తుడిచినట్టు చేసినవి కూడా ఉన్నాయి.

ఒక చిన్న మోసం చేశాను

ఆదివారం ఆయన ఫ్లాట్‌కి వెళ్ళా. కొండాపూర్‌లో ట్రాఫిక్ దాటి వెళ్ళేసరికి మధ్యాహ్నం అయింది. ఆయన ఫోన్‌లోంచి బ్లేడ్ రన్నర్ బ్లూస్ ఫైల్ తీసుకుని నా లాప్‌టాప్‌లో రెండు కాపీలు చేశా. ఒక కాపీని ఆడాసిటీలో 1 డెసిబెల్ తగ్గించా. రెండోదాన్ని ముట్టుకోలేదు. పేర్లు ఏ, బి. "అన్నా, ఒకటి నీ ఫైల్, ఒకటి రీమాస్టర్, ఏది ఏదో చెప్పు" అన్నా.

వైర్డ్ ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని మూడు నిమిషాలు అటూ ఇటూ మార్చి విన్నాడు. తగ్గించని దాన్ని చూపించి, "ఇదే రీమాస్టర్. బేస్ నిండుగా ఉంది, స్టేజ్ వెడల్పుగా ఉంది, ఇంకో దాంట్లో ముసుగు వేసినట్టుంది" అన్నాడు.

రెండూ ఒకే ఫైల్ అని చెప్పాక కాసేపు మాట్లాడలేదు. తర్వాత టీ పెట్టడానికి లేచి వెళ్ళాడు.

ఆయన చెవి మంచిది కాదని చెప్పడానికి ఇది రాయలేదు. నేను చేయించుకున్నా నాకూ అదే జరిగేది. వాల్యూమ్‌లో చిన్న తేడాని మన చెవి 'ఎక్కువ శబ్దం' అని గుర్తించదు, 'మంచి శబ్దం' అని గుర్తిస్తుంది. షోరూమ్‌లో టీవీలు బ్రైట్‌నెస్ ఫుల్లు పెట్టి ఎందుకు ఉంచుతారో ఆలోచించండి. కాబట్టి రెండు ఎడిషన్లు పోల్చేటప్పుడు లెవెల్ సమానం చేయకుండా చేసిన ఏ పోలికనీ నమ్మొద్దు, అది నేను రాసిందైనా సరే. యూట్యూబ్ క్లిప్ మీద పెట్టిన నమ్మకమైతే అసలే లెక్కలోకి రాదు. అక్కడికి చేరేసరికి ఆ శబ్దం మళ్ళీ కంప్రెస్ అయ్యి ఉంటుంది, ఎక్కించినవాడు ఏ ఈక్వలైజర్ పెట్టాడో మనకి తెలీదు.

కోడ్ రాసేవాళ్ళకి ఇంకో టెస్ట్ నచ్చుతుంది. రెండు ఫైల్స్‌ని శాంపుల్‌తో శాంపుల్ కలిసేలా అమర్చి, ఒకదాన్ని తలకిందులు చేసి రెండూ కూడండి. ఒకటే మాస్టర్ అయితే పూర్తి నిశ్శబ్దం వస్తుంది. తేడా ఉంటే ఆ తేడా మాత్రమే వినపడుతుంది. శబ్దానికి గిట్ డిఫ్ అన్నమాట. కొత్త ఎడిషన్ పేరుతో పాత మాస్టర్‌నే మళ్ళీ అచ్చేశారా అన్నది ఇలా పట్టుకోవచ్చు. అయితే టేప్‌ని నిజంగానే కొత్తగా ప్లే చేసి డిజిటల్ చేసి ఉంటే ఇది పనిచేయదు. టేప్ తిరిగే వేగం రెండుసార్లు అచ్చు ఒకేలా ఉండదు కాబట్టి ఫైల్స్ కొద్దికొద్దిగా జారిపోతూ ఉంటాయి.

అసలు దొంగ దొరికాడు

టీ తాగాక, 'మూసుకుపోయినట్టు ఉంది' అన్న ఆయన మాట మళ్ళీ గుర్తొచ్చింది. వాల్యూమ్ సంగతి పక్కన పెడితే, ఆ మాటలో ఏదో ఉందనిపించింది. ఆయన ఫ్లాక్ ఫైల్‌ని స్పెక్ట్రోగ్రామ్‌లో ఓపెన్ చేశా.

సీడీ నుంచి వచ్చిన ఫైల్‌లో శబ్దం సుమారు 22 కిలోహెర్ట్జ్ దాకా ఉండొచ్చు. శాంప్లింగ్ రేటు 44.1 కిలోహెర్ట్జ్, అందులో సగం. ఇందులో మాత్రం 16 దగ్గర గోడ కట్టినట్టు ఆగిపోయింది. పైన అంతా నల్లగా. సింథ్ స్వరాలు అంత పైకి వెళ్ళవు అనుకున్నా, టేప్ హిస్ ఉంది కదా, అది పైదాకా సన్నగా పరుచుకుని ఉండాలి. అది కూడా గీత గీసినట్టు 16 దగ్గరే ఆగింది. హిస్‌కి అలాంటి అలవాటు లేదు. తక్కువ బిట్‌రేట్ ఎంపీ3కి ఉంది, 128 కేబీపీఎస్‌కి ఎక్కువ భాగం ఎన్‌కోడర్లు అక్కడే కత్తిరిస్తాయి.

అంటే ఎవరో 128 ఎంపీ3ని తీసుకుని ఫ్లాక్‌గా మార్చి పెట్టారు. పలచటి మజ్జిగని పెరుగు గిన్నెలో పోసినట్టు. ఫైల్ సైజ్ పెరిగింది, చిక్కదనం రాలేదు.

"ఇది ఎక్కడిది అన్నా?"

"రూమ్మేట్ హార్డ్‌డిస్క్‌లోది."

"మరి నీ సీడీ?"

షెల్ఫ్ మీంచి తీసి ఇచ్చాడు. 2016లో ఆన్‌సైట్‌కి డల్లాస్ వెళ్ళినప్పుడు ఒక సెకండ్‌హ్యాండ్ షాపులో కొన్నాడు. అప్పటికే ఆయన లాప్‌టాప్‌లో డిస్క్ డ్రైవ్ లేదు, ఇంట్లో సీడీ ప్లేయర్ లేదు. కొన్నప్పటి నుంచి దాన్ని ఒక్కసారి కూడా ప్లే చేయలేదు. ఇప్పుడు ఆ ఆల్బమ్ రీమాస్టర్ కోసం మూడు నెలల ఈఎంఐ పెట్టబోతున్నాడు, తన దగ్గర ఉన్న ఒరిజినల్ ఎలా ఉంటుందో వినకుండానే.

నవ్వొచ్చింది గానీ నవ్వలేదు. నా దగ్గరా సీల్ తీయని బ్లూరేలు రెండున్నాయి.

మా ఫ్లాట్‌మేట్ దగ్గర పాత యూఎస్‌బీ డీవీడీ రైటర్ ఒకటుంది. మర్నాడు అది తీసుకెళ్ళి ఎగ్జాక్ట్ ఆడియో కాపీతో రిప్ చేశా. ఆ ప్రోగ్రామ్ చదివిన ప్రతి ట్రాక్ చెక్‌సమ్‌ని, ప్రపంచంలో అదే సీడీని రిప్ చేసిన ఇంకొకళ్ళ చెక్‌సమ్‌తో పోల్చి చూపిస్తుంది. డిస్క్ మీద రెండు గీతలున్నా అన్నీ మ్యాచ్ అయ్యాయి. తర్వాత లెవెల్ సమానం చేసి, ఈసారి మోసం లేకుండా, పాత ఫైల్‌కీ కొత్త రిప్‌కీ మధ్య పదిసార్లు గుడ్డి పరీక్ష పెట్టా. ఆయన తొమ్మిదిసార్లు కరెక్ట్‌గా చెప్పాడు. ఊరికే గుడ్డిగా చెప్తే తొమ్మిదో పదో కరెక్ట్ అవ్వడానికి ఒక శాతం అవకాశమే ఉంది. నేను ఏడు చెప్పా. అది గాలివాటంగా కూడా వచ్చే మార్కే, గొప్ప చెప్పుకోను. ఎలా కనిపెట్టావని అడిగితే, "స్వరం ఆగాక చూడు, పాతదాంట్లో తోక నీళ్ళలో గులకరాళ్ళలా గలగలమంటోంది" అన్నాడు. ఆ లెక్సికాన్ తోకే. కాబట్టి ఆయన చెవి మొదటినుంచీ నిజమే చెప్తోంది. తప్పు ఫైల్‌ది.

మరి ఆ ఎస్ఏసీడీ?

ఎస్ఏసీడీ పొరలో శబ్దం సెకనుకి 28 లక్షల పైచిలుకు శాంపుల్స్‌తో ఒక్క బిట్ పద్ధతిలో ఉంటుంది. పేపర్ మీద అదిరిపోయే నంబర్. కానీ మీ లాప్‌టాప్ డీవీడీ డ్రైవ్ ఆ పొరని చదవలేదు. దానికి ప్రత్యేకం ప్లేయర్ కావాలి. హైబ్రిడ్ కాబట్టి కింద మామూలు సీడీ పొర కూడా ఉంటుంది, మీరు రిప్ చేసి ఫోన్‌లో వేసుకోగలిగేది ఆ పొరనే. అది 16 బిట్, 44.1. మీ పాత సీడీ కూడా అదే. అప్పుడు తేడా వస్తే ఇంజినీర్ చేసిన పని వల్ల రావాలి గానీ, ఫార్మాట్ వల్ల కాదు. 16 బిట్ అంటే సుమారు 96 డెసిబెల్స్ పరిధి. అప్పటి టేపుల్లో హిస్‌కి పైన అంత చోటు లేదు, కాబట్టి సీడీ గిన్నె చిన్నదైపోయిందని బాధపడక్కర్లేదు.

ఇంకోటి. మా అన్న రోజూ వినేది మెట్రోలో, బ్లూటూత్ ఇయర్‌బడ్స్‌లో. సీడీ నాణ్యత అంటే సెకనుకి 1411 కిలోబిట్లు. బ్లూటూత్‌లో ఎల్‌డాక్ అన్నీ కుదిరినప్పుడు 990 దాకా వెళ్తుంది, ఏఏసీ, ఎస్బీసీ అయితే చాలా తక్కువ. మియాపూర్ ట్రైన్‌లో ఏసీ హోరు మధ్య రివర్బ్ తోకలు వెతకడం గురించి ఏం చెప్పను. వెయ్యి, రెండు వేల రేంజ్‌లో ఒక టైప్-సీ డాక్ డాంగిల్, ఒక వైర్డ్ ఇయర్‌ఫోన్ పెట్టుకుని, రాత్రి లైట్లు ఆపి వింటే వచ్చే తేడా ఈ ఎడిషన్ల మధ్య తేడా కన్నా ఎక్కువ. ప్లేయర్ యాప్‌లో గ్యాప్‌లెస్ ఆన్ చేసుకోండి. ఈ ఆల్బమ్‌లో ట్రాకులు ఒకదాంట్లోంచి ఒకటి పారుతూ వెళ్తాయి, మధ్యలో అరసెకను ఖాళీ వస్తే చెప్పులో రాయి పడ్డట్టుంటుంది.

వినైల్ సంగతి ఒక్క మాట: ఆల్బమ్ గంటకి కాస్త తక్కువ. ఒకే ఎల్పీలో కుక్కితే ఒక్కో వైపు దాదాపు అరగంట. గాడి సన్నబడి లెవెల్ తగ్గించాల్సి వస్తుంది. కొనేముందు ఎన్ని డిస్కులో చూడండి, రంగు తర్వాత.

ఇదంతా చెప్పాక అన్న అడిగిన ప్రశ్న మాత్రం నన్ను ఆపేసింది. "సౌండ్ సరే. సినిమాలో ఉండి ఆల్బమ్‌లో లేని మ్యూజిక్ సంగతేంటి?"

నిజంగా బరువైన ప్రశ్న అదే. సినిమా 117 నిమిషాలు. అందులో వినపడేవి చాలా ఈ పన్నెండు ట్రాకుల్లో లేవు. తమాషా ఏంటంటే ఆల్బమ్‌లో ఉండి సినిమాలో లేనిదీ ఉంది. మేరీ హాప్కిన్ గొంతుతో వచ్చే రేచెల్స్ సాంగ్ సినిమాలో ఎక్కడా రాదు. మెమొరీస్ ఆఫ్ గ్రీన్ అయితే అసలు సినిమా కోసం చేసింది కాదు, వాంగెలిస్ 1980 ఆల్బమ్ సీ యూ లేటర్‌లోది. అంటే 1994 డిస్క్ సినిమాకి రికార్డు కాదు, పన్నెండేళ్ళ తర్వాత వెనక్కి తిరిగి చూసుకుని వాంగెలిస్ అల్లుకున్న వేరే వస్తువు. దాన్ని ఎంత మెరుగుపెట్టినా లేని సంగీతం రాదు. రీమాస్టర్ ఎస్ఏసీడీలో కూడా అవే పన్నెండు ట్రాకులు.

లేనిది కావాలంటే 2007లో సినిమా ఇరవై ఐదేళ్ళ సందర్భంగా వచ్చిన మూడు సీడీల సెట్ చూడాలి. మొదటి డిస్క్ 1994 ఆల్బమే. మూడోది సినిమా స్ఫూర్తితో వాంగెలిస్ కొత్తగా చేసింది, నాకు పెద్దగా ఎక్కలేదు. రెండో డిస్క్ మాత్రం బంగారం. డాక్టర్ టైరెల్స్ ఔల్, లియోస్ రూమ్, డెకార్డ్ అండ్ రాయ్స్ డ్యుయెల్, మెకానికల్ డాల్స్... అంతకుముందు అధికారికంగా రాని ముక్కలు పన్నెండు. అది కూడా పూర్తి కాదు, దాని మీద కలెక్టర్ల కోపం ఇప్పటికీ చల్లారలేదు. ఇంకో చిక్కు, సినిమాలో వినపడేదంతా వాంగెలిస్‌ది కాదు. సైకిళ్ళ మీద కుర్రాళ్ళు వెళ్ళే చోట వినపడే హార్ప్, గెయిల్ లాటన్ అనే ఆయన ఆల్బమ్‌లోది. 'కంప్లీట్ స్కోర్' అని పెట్టె మీద వేయాలంటే ఇలాంటి హక్కులన్నీ కూడగట్టాలి.

వాంగెలిస్ 2022 మేలో చనిపోయారు. ఇప్పటిదాకా ఏది బయటికి రావాలో, ఏది పెట్టెలో ఉండాలో ఆయన ఒప్పుకుంటేనే జరిగింది. మనకి నచ్చినా నచ్చకపోయినా డైలాగులు పెట్టింది ఆయన, ముక్కలు దాచింది ఆయన. రేపు ఎవరైనా మల్టీట్రాక్ టేపులు తెరిచి, డైలాగులు తీసేసి, కొత్త మిక్స్‌తో పెద్ద బాక్స్ సెట్ వేస్తే నేను లైన్‌లో నిలబడతా, అబద్ధం చెప్పను. కానీ ఆ తోక ఎంతసేపు కరగాలి, ఆ డ్రమ్ ఎంత గట్టిగా పడాలి అని స్లైడర్ దగ్గర కూర్చుని తేల్చేది ఎవరు? మా అన్న దీనికి, "ఎవరో ఒకరు చేస్తే చాలు, టేపులు ముసలివి అవుతున్నాయి" అంటాడు. నాకైతే అంత తేలిగ్గా మింగుడు పడట్లేదు. పాత సినిమాల్ని 4కె చేస్తూ గ్రెయిన్ మొత్తం తుడిచేసి మొహాలు ప్లాస్టిక్ చేసిన రీరిలీజులు చూశాం కదా. అక్కడ డైరెక్టర్ బతికుంటే కనీసం తిట్టడానికి ఒక మనిషి ఉంటాడు.

మా వారం అలా గడిచింది. ఎస్ఏసీడీ కార్ట్‌లోంచి పోయింది. 2007 సెట్ సెకండ్‌హ్యాండ్‌లో వెతుకుతున్నాడు, రెండో డిస్క్ కోసం. డల్లాస్ సీడీ రిప్ ఆయన ఫోన్‌లో ఉంది. రూమ్మేట్ ఫైల్స్ డిలీట్ చేద్దామంటే ఒప్పుకోలేదు. తొమ్మిదేళ్ళు విన్నవంట, సెంటిమెంటు.

నిన్న రాత్రి మళ్ళీ స్క్రీన్‌షాట్ వచ్చింది. ఈసారి వినైల్. కింద లైన్: "తమ్ముడూ, రెండు డిస్కులే చూశా. టర్న్‌టేబుల్ ఏది మంచిది?"